రంగు చూసి తేల్చలేనివి

పిల్లలూ,

మీ ప్రశ్నలు రెండూ అందాయి. "మా క్లాసులో ఒకమ్మాయి చేతుల మీద తెల్లమచ్చలున్నాయి, పక్కన కూర్చుంటే మాకూ వస్తాయా?" అని ఒకటి. "మా చెల్లి పుట్టిన మూడోరోజే కళ్ళకు గంతలు కట్టి నీలం లైటు కింద ఎందుకు పడుకోబెట్టారు?" అని రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాటే: రావు. హాయిగా పక్కనే కూర్చోండి. మిగతాది చెప్పాలంటే మాత్రం కాస్త కాగితం ఖర్చవుతుంది. ఎందుకంటే మీ ప్రశ్నలు రెండూ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తాయి: ఒంటి రంగు చూసి ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు?

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లని కొన్ని కణాలుంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి, ఒక్కోటి తన చుట్టూ ఉన్న ముప్పై పైచిలుకు కణాలకు అందిస్తుంది. నల్లగా ఉన్నవాళ్ళలోనూ తెల్లగా ఉన్నవాళ్ళలోనూ ఈ మెలనోసైట్ల సంఖ్య ఇంచుమించు ఒకటే. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి, అది ఎలా పరుచుకుంటుంది అన్నదాంట్లోనే తేడా అంతా. రంగు చూసుకుని మురిసిపోయేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

మీ క్లాసు అమ్మాయికి ఉన్నది బొల్లి అయ్యుండొచ్చు. సూక్ష్మక్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక కణాలు దారితప్పి సొంత మెలనోసైట్ల మీదే పడి చంపేస్తాయి. అక్కడ రంగు పోతుంది. క్రిమి లేదు కాబట్టి అంటుకోవడమూ లేదు. ప్రపంచంలో నూటికి సుమారు ఒకరికి ఇది ఉంటుంది. కుష్ఠుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అల్బినిజం మళ్ళీ వేరు. అక్కడ మెలనోసైట్లు ఉంటాయి గానీ, జన్యువులో తేడా వల్ల మెలనిన్ సరిగా తయారుకాదు. అది పుట్టుకతోనే వస్తుంది, చూపు మీద కూడా ప్రభావం చూపిస్తుంది.

బొల్లికి ఒక కొత్త క్రీము పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? రాసి చూస్తే సరిపోదా అంటారు మీరు. సరిపోదు. మచ్చల్లోకి ఒక్కోసారి మందేమీ లేకుండానే రంగు తిరిగొస్తుంది. ఆ సమయానికి ఏ ఆకుపసరు రాస్తూ ఉంటే దానికే పేరొస్తుంది. అందుకే క్లినికల్ ట్రయల్ అనే పద్ధతి పెట్టుకున్నారు. లాటరీ తీసినట్టు జనాన్ని రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మందున్న క్రీము, రెండో గుంపుకు చూడటానికి అచ్చం అలాంటిదే, మందు లేని క్రీము. ఎవరికి ఏది అందిందో క్రీము పూసుకునేవాళ్ళకూ తెలియదు, మచ్చలు కొలిచే డాక్టరుకూ తెలియదు.

రుక్సోలిటినిబ్ అనే క్రీమును ఇలాగే రెండు ట్రయల్స్‌లో, 12 ఏళ్ళు దాటినవాళ్ళకు, రోజుకు రెండుసార్లు రాయించి చూశారు. 24 వారాల తర్వాత ముఖం మీది మచ్చల్లో ముప్పావు వంతు రంగు తిరిగొచ్చినవాళ్ళు మందు గుంపులో నూటికి 30 మంది దాకా ఉన్నారు. మందు లేని గుంపులో 7 నుంచి 11 మంది. 2022 జూలైలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. నా కన్ను మాత్రం ఆ 7, 11 మీదే ఉంటుంది. రెండో గుంపు లేకపోతే వీళ్ళనూ మందు ఖాతాలోనే వేసేసేవాళ్ళం. ఇంకో మాట, మందు రాసినవాళ్ళలోనూ నూటికి 70 మంది ఆ గీత దాటలేదు. ప్రకటనల్లో ఈ లెక్క కనబడదు.

రంగు తిరిగి వచ్చే తీరు దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. మచ్చ మొత్తం ఒకేసారి మారదు. వెంట్రుక మొదళ్ళ చుట్టూ చిన్నచిన్న గోధుమరంగు చుక్కలు లేస్తాయి. కొత్త మెలనోసైట్లను పుట్టించే కణాలు ఆ మొదళ్ళలో దాక్కుని బతికి ఉంటాయి మరి. చుక్కలు పెద్దవై ఒకదానితో ఒకటి కలుస్తాయి. వెంట్రుకలే లేని వేలికొసల దగ్గర రంగు రావడం అందుకే కష్టం.

ఇక మీ చెల్లి సంగతి. పాత ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని బయటికి పంపే పని కాలేయానిది. పసికందు కాలేయానికి ఆ పని అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు ఒళ్ళు పచ్చబడుతుంది. నెలలు నిండి పుట్టినవాళ్ళలోనే నూటికి 60 మందికి ఇలా అవుతుంది, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. మరీ ఎక్కువైతే మాత్రం మెదడు దెబ్బతింటుంది.

నీలం లైటు కథ 1956లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో మొదలైంది. నెలలు నిండని పిల్లలను చూసుకునే సిస్టర్ జీన్ వార్డ్‌కు, ఎండ బాగున్నప్పుడు వాళ్ళను కాసేపు ఆరుబయటికి తీసుకెళ్ళడం అలవాటు. ఒకరోజు డాక్టర్లకు ఓ బిడ్డను విప్పి చూపించింది. ఒళ్ళంతా తేటగా ఉంది, ఒక్కచోట మాత్రం ముక్కోణం ఆకారంలో ముదురు పసుపు. ఏమైనా రాశారా అని అడిగారు. లేదు, అక్కడ దుప్పటి అంచు కప్పి ఉందంది. అంటే కప్పినచోట పసుపు మిగిలింది, ఎండ తగిలినచోట పోయింది. ఆ తర్వాత కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన రక్తం గొట్టంలో కూడా బిలిరుబిన్ తగ్గిందని గమనించారు. డాక్టర్ రిచర్డ్ క్రీమర్ బృందం దీని మీద పనిచేసి 1958లో పత్రం అచ్చువేసింది. వెలుతురు, ముఖ్యంగా నీలం వెలుతురు, బిలిరుబిన్ రూపాన్ని మార్చి కాలేయం మీద భారం లేకుండా బయటికి పోయేలా చేస్తుంది. కళ్ళకు గంతలు ఆ లైటు నుంచి కాపాడటానికే. అలాగని బిడ్డను ఎండలో పెట్టి ఇదే వైద్యమనుకోకూడదు.

ఒక నర్సు కన్ను ఇంత కనిపెట్టింది కదా, ఇక చూసి చెప్పేస్తే సరిపోదా? అదే కుదరదు. బిడ్డ నుదుటి మీద వేలితో నొక్కి తీస్తే లోపలి పసుపు ఒక్క క్షణం కనబడుతుంది. కామెర్లు ఉన్నాయని దాంతో తెలుస్తుంది గానీ, ఎంత ఉన్నాయో తెలియదు. ఒంటి ఛాయ ముదురుగా ఉంటే కన్ను ఇంకా మోసపోతుంది. అందుకే మడమ దగ్గర చుక్క రక్తం తీసి కొలుస్తారు. పుట్టిన తొలి 24 గంటల్లోనే పచ్చబడితే వెంటనే పరీక్ష చేయాల్సిందే.

పరికరాలనూ గుడ్డిగా నమ్మలేం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా పట్టుకోలేకపోవడం నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. కొందరు పసిపిల్లల నడుము కింద నీలం మచ్చలుంటాయి. లోపలి పొరలో ఆగిపోయిన మెలనోసైట్లవి. వాటిని దెబ్బలనుకుని పెద్దవాళ్ళను అనుమానించిన సందర్భాలూ ఉన్నాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి చాలావరకు మాసిపోతాయి.

ఎప్పుడైనా మిమ్మల్నే ఏదైనా ట్రయల్‌లో చేరమని అడిగితే కంగారు పడకండి, వెంటనే తల కూడా ఊపకండి. అమ్మానాన్నల సంతకం ఉన్నా చాలాచోట్ల పిల్లల ఇష్టం కూడా విడిగా అడుగుతారు. రెండో గుంపుకు ఏమిస్తారు, మధ్యలో మానేయొచ్చా, మానేస్తే మామూలు వైద్యం ఆగిపోదు కదా అని అడగండి. జవాబు అర్థం కాకపోతే మళ్ళీ అడగండి.

మీ తాతయ్య