దేవదత్తుడి మీద నేరాలు ఎప్పుడెప్పుడు చేరాయి?

బౌద్ధ కథల్లో దుర్మార్గుడు ఎవరంటే అందరికీ గుర్తొచ్చే పేరు దేవదత్తుడు, బుద్ధుడి బంధువే అయిన భిక్షువు. బుద్ధుడి మీదికి విలుకాళ్లను పంపాడు, గృధ్రకూటం మీంచి బండ దొర్లించాడు, రాజగృహం వీధిలోకి నాలాగిరి ఏనుగును వదిలించాడు, చివరికి అవీచి నరకంలో పడ్డాడు. చాలా జాతక కథల చివర్లో ‘అప్పటి ఆ ద్రోహే ఇప్పటి దేవదత్తుడు’ అని తేలుతుంది. అమరావతి స్తూపానికి చెందిన గుండ్రటి శిల్పఫలకం ఒకటి చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో నాలాగిరి ఒకే చక్రంలో రెండుసార్లు కనిపిస్తుంది: ఒకపక్క జనాన్ని తొక్కుకుంటూ, మరోపక్క బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి. క్రీ.శ. 2వ శతాబ్దికే ఈ కథ కృష్ణాతీరంలో స్థిరపడిపోయిందన్నమాట.

అయితే ఈ ఆరోపణలన్నీ ఒకే కాలానివి కావు. వాటిని పొరలుగా విడదీస్తే మొదట దొరికేది హత్యాయత్నం కాదు, ఆచారం మీద వచ్చిన తగాదా.

భిక్షువుల నియమాల గ్రంథమైన పాలీ వినయ పిటకంలో చుల్లవగ్గ అనే భాగం ఏడో అధ్యాయం పేరే సంఘభేద ఖంధకం, అంటే సంఘంలో చీలిక గురించిన అధ్యాయం. దాని ప్రకారం దేవదత్తుడు ఆనందుడు, అనిరుద్ధుడు వంటి శాక్య యువకులతోనూ, మంగలి ఉపాలితోనూ కలిసి సంఘంలో చేరాడు. సాధన చేసి ఋద్ధులు (అద్భుత శక్తులు) సంపాదించాడు. తరువాత, ఇక మీదట అతని పనులతో సంఘానికి సంబంధం లేదని రాజగృహంలో చాటి రమ్మని బుద్ధుడు చెప్పినప్పుడు ఆయన ముఖ్య శిష్యుడు సారిపుత్రుడు వెనకాడతాడు. ఇదే ఊళ్లో తాను అతణ్ణి మహా ఋద్ధిమంతుడని, మహానుభావుడని పొగిడానని గుర్తుచేస్తాడు. నింద మోపే గ్రంథమే ఆ పొగడ్తను తుడిచేయకుండా ఉంచింది. అంత గౌరవం ఉన్న భిక్షువు కాకపోతే ఈ మాట అక్కడ ఉండే అవసరమే లేదు.

తగాదాకు మూలం అయిదు నియమాలు. భిక్షువు జీవితాంతం అడవిలోనే ఉండాలి. బిచ్చమెత్తిన అన్నమే తినాలి, విందు పిలుపులకు వెళ్లకూడదు. పారేసిన గుడ్డలతో కుట్టుకున్న చీవరమే కట్టాలి. చెట్టు కిందే ఉండాలి, కప్పు కిందికి రాకూడదు. చేపలు, మాంసం ముట్టకూడదు. ఇష్టమైనవాళ్లు మొదటి మూడూ పాటించుకోవచ్చని, లేనివాళ్లు మానుకోవచ్చని బుద్ధుడు జవాబిచ్చాడు. చెట్టు కింద నివాసం వర్షాకాలం పోను ఎనిమిది నెలలకే అనుమతించాడు. తన కోసం చంపారని కళ్లారా చూడకుండా, వినకుండా, అనుమానం కలగకుండా ఉంటే చేపలు, మాంసం తినవచ్చన్నాడు.

ఇందులో మొదటి నాలుగూ తరువాత ధుతాంగాలుగా, అంటే ఇష్టపడ్డవాళ్లు చేపట్టే కఠిన వ్రతాలుగా, ఆదరణ పొందినవే. ధుతాంగ సాధకుల్లో అగ్రగణ్యుడని పేరు పొందిన మహాకాశ్యపుడి జీవితం కూడా ఇలాంటిదే. కాబట్టి దేవదత్తుడి తప్పు కఠిన నియమంలో లేదు, దాన్ని అందరికీ తప్పనిసరి చేయమనడంలో ఉంది. భిక్షువులు విహారాల్లో స్థిరపడుతున్న కాలంలో ఆ డిమాండ్ సంఘం నడకకే అడ్డుపడేది. అడవిలో ఉండే భిక్షువుల పాత అసంతృప్తి అతని గొంతులో వినిపిస్తోందన్న వాదనకు ఇదే ఆధారం.

తరువాత ఈ నియమాల మీద ఓటింగ్. వజ్జి దేశం నుంచి వచ్చిన 500 మంది కొత్త భిక్షువులు దేవదత్తుడి పక్షాన శలాకలు (ఓటు పుల్లలు) తీసుకుని, అతనితో గయ దగ్గరి గయాశీర్షం కొండకు వెళ్లారు. సారిపుత్ర మౌద్గల్యాయనులు అక్కడికి వెళ్లి, అతను నడుము నొప్పని పడుకున్న సమయంలో బోధించి వాళ్లను వెనక్కి తెచ్చారు. ఇదే అధ్యాయంలో సంఘభేదానికి లెక్క ఉంది: అటు నలుగురు, ఇటు నలుగురు, ప్రకటన చేసి శలాకలు పట్టించేవాడు తొమ్మిదోవాడు. అంతకు తగ్గితే అది విభేదమే గానీ చీలిక కాదు. తాను చెప్పేదే ధర్మమని నిజంగా నమ్మి సంఘాన్ని చీల్చినవాడికి నరకం తప్పనిసరి కాదని ఉపాలికి ఇచ్చిన జవాబు కూడా ఇక్కడే ఉంది. దేవదత్తుడి నరకం గురించి మాట్లాడేవాళ్లు ఈ జవాబును చాలాసార్లు వదిలేస్తారు.

కథ పెరిగిన తీరు చివరి ఘట్టంలో బాగా తెలుస్తుంది. చుల్లవగ్గలో, శిష్యులు వెళ్లిపోయారని తెలిసి అతను నోట వేడి నెత్తురు కక్కుతాడు, అంతే. తరువాతి వ్యాఖ్యానమైన ధమ్మపద అట్టకథలో జేతవనం చెరువు దగ్గర భూమి మింగేస్తుంది. మరో సంప్రదాయంలో గోళ్లకు విషం పూసుకుని వస్తాడు. చుట్టరికం కూడా మారిపోతుంది: పాలీ సంప్రదాయంలో యశోధర అన్నదమ్ముడు, అంటే బుద్ధుడికి మేనమామ కొడుకు. మూలసర్వాస్తివాదులనే మరో బౌద్ధ శాఖ దగ్గర ఆనందుడి అన్నదమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు.

నింద పెరిగినా అతణ్ణి పూర్తిగా వదిలేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. పాలీ గ్రంథం మిలిందపన్హా అతను ఎప్పటికైనా అట్ఠిస్సరుడనే ప్రత్యేక బుద్ధుడు (గురువు లేకుండా తనంతట తానే జ్ఞానం పొందేవాడు) అవుతాడంటుంది. మహాయాన సూత్రమైన సద్ధర్మపుండరీకం మరింత ముందుకెళ్లి, గత జన్మలో అతను బుద్ధుడి గురువని, ముందుముందు దేవరాజుడనే బుద్ధుడవుతాడని చెబుతుంది.

వివిధ శాఖల వినయాలను పక్కపక్కన పెట్టి చూసిన ఆధునిక పండితుల్లో ఆంద్రే బరో చీలికనూ నియమాలనూ పాత పొరగా, హత్యాయత్నాలను తరువాతి చేర్పులుగా చూశాడు. రెజినాల్డ్ రే 1994లో ఇంకా దూరం వెళ్లి, అతణ్ణి ఖండనకు గురైన అరణ్య సాధువుగా నిలబెట్టాడు. మహాసాంఘికులనే శాఖ వినయంలో, పాలీ ఖంధకాలకు (చుల్లవగ్గ వంటి అధ్యాయాలకు) సాటి అయిన భాగంలో ఈ కథ లేకపోవడం ఆయనకు బలం. కానీ అదే వినయంలో సంఘభేద నియమ వివరణలో దేవదత్తుడు ఉన్నాడు. కాబట్టి హత్యానేరాలను అనుమానించడం సబబే, చీలికే జరగలేదనడం మాత్రం నిలవదు.

చీలిక గయాశీర్షంలోనే ముగిసిందన్న మాటకు చైనా యాత్రికులు ఎదురు సాక్ష్యం. 5వ శతాబ్ది ఆరంభంలో ఫాహియాన్ శ్రావస్తి ప్రాంతంలో దేవదత్తుడి అనుచరులున్నారని రాశాడు. వాళ్లు శాక్యముని కంటే ముందటి ముగ్గురు బుద్ధులను పూజిస్తారు, శాక్యమునిని పూజించరు. 7వ శతాబ్దిలో హ్యుయాన్ త్సాంగ్ బెంగాల్‌లోని కర్ణసువర్ణంలో మూడు విహారాలను పేర్కొన్నాడు. అక్కడివాళ్లు దేవదత్తుడి మాట ప్రకారం పాలు, పెరుగు ముట్టరు. పాలీ జాబితాలో పాల ప్రస్తావనే లేదు. మూలసర్వాస్తివాద జాబితాలో ఉంది. పైగా ఆ జాబితా భిక్షువును అడవిలో కాకుండా ఊళ్లో ఉండమంటుంది. ఆ జాబితా రాసినవాళ్లు తమ కళ్లముందు బతికి ఉన్న ఒక వర్గం ఆచారాలను చూసి, వాటినే పాత దేవదత్తుడి నోట పెట్టి ఉండవచ్చు.