మీటరు ముల్లు చెప్పని వేడి

మే నెల మధ్యాహ్నం గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నింపుకొని విజయవాడ వైపు బయలుదేరిన పికప్ డ్రైవరు, ఇంజన్ వేడెక్కిందా లేదా అని చూసుకునేది ఒక్క ముల్లునే. అది సగంలో ఉంటే అంతా బాగున్నట్టు లెక్క. కానీ ఆ ముల్లు చూపించేది కూలెంట్ వేడిని, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని. ఇంజన్ ఆయిల్ ఎంత కాగిందో చెప్పే మీటరు మన పికప్‌లలో చాలావాటికి ఉండదు. పైగా కూలెంట్ వేడి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు కదలకుండా చాలా కంపెనీలు ముందే అమర్చి పెడతాయి.

బండిలో ఆయిల్ సెన్సర్ ఉంటే, బండి కంప్యూటర్‌లోని అంకెలు బయటికిచ్చే ఓబీడీ పోర్టుకు చిన్న పరికరం తగిలించి ఫోన్‌లో ఆ అంకె చూసుకోవచ్చు. అక్కడే అసలు టెన్షన్ మొదలవుతుంది. వెనక ట్రాలీ తగిలించి లాగుతుంటే 112, 115 అని కనిపిస్తుంది. నీళ్లు మరిగేదే 100 దగ్గర కదా, ఇక ఇంజన్ పోయినట్టేనా అనిపిస్తుంది. అంత భయం అక్కర్లేదు. ఖాళీ బండిలో ఆయిల్ సాధారణంగా 90 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. బరువు లాగేటప్పుడు 110 నుంచి 120 దాకా పోవడం మామూలే. 125 దాటితే యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయాలి. 130 దగ్గరే చాలాసేపు నిలబడిపోతే ఎక్కడో తేడా ఉందని అర్థం. బండిని బట్టి, ఆయిల్‌ని బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి. సెన్సర్ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లో ఉందా, కూలర్ దాటాక ఉందా అన్నదాన్ని బట్టీ అంకె మారుతుంది. అందుకే పక్కవాడి బండి అంకెతో మన అంకెను పోల్చుకోవడం వల్ల ఉపయోగం లేదు.

కూలెంట్ కంటే ఆయిల్ ఎందుకు ఎక్కువ కాగుతుంది? కూలెంట్ సిలిండర్ గోడల చుట్టూ తిరుగుతుంది. ఆయిల్ మాత్రం నేరుగా మంట దగ్గరికే పోతుంది. ఇప్పటి టర్బో డీజిల్ ఇంజన్లలో చిన్న నాజిల్ పిస్టన్ అడుగు భాగం మీదికి ఆయిల్‌ను చిమ్ముతూ ఉంటుంది. పిస్టన్ పైభాగం 300 డిగ్రీలు దాటి ఉంటుంది, ఆ వేడిలో కొంత ఆయిలే మోసుకొస్తుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది టర్బో; నిమిషానికి లక్షసార్లకు పైగా తిరగగల దాని ఇరుసును తడిపేదీ ఆయిలే. క్రాంక్ బేరింగుల్లో సన్నని పొరగా నలిగి, ఆ రాపిడికి తనంతట తనే వేడెక్కుతుంది. ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, పెరిగేకొద్దీ ఈ వేడి ఇంకా పెరుగుతుంది.

ఇంత వేడినీ చివరికి గాలిలోకి వదలాల్సింది రేడియేటరే. చాలా బండ్లలో ఆయిల్ కూలర్ కూడా తన వేడిని కూలెంట్‌కే ఇస్తుంది. మన ఎండల ప్రభావం తెలిసేది ఇక్కడే. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. బయట 20 డిగ్రీలుంటే తేడా 75. అదే బెజవాడ ఎండలో బయట 45 ఉంటే తేడా 50. వేడి బయటికి పోయేది ఈ తేడాను బట్టే కాబట్టి, అదే రేడియేటర్, అదే ఫ్యాను, అదే వేగం అయినా పనిలో మూడో వంతు తగ్గిపోతుంది. చలిదేశంలో ట్రాలీ లాగినవాళ్లు చెప్పే అంకెలు మనకు అచ్చంగా సరిపోకపోవడానికి కారణం ఇదే.

గుంటూరు నుంచి విజయవాడ దాకా హైవే దాదాపు చదునే. కృష్ణ మీద వారధి ఎక్కినా ఇంజన్‌కు పెద్ద కష్టం ఉండదు. అదే పికప్ జనరేటర్ ట్రాలీని తగిలించుకుని దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే కథ వేరు. గేరు తక్కువ, ఆర్‌పీఎం ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. ఆయిల్ నెమ్మదిగా కాగి, నెమ్మదిగానే చల్లారుతుంది. ఘాట్ పైకి చేరి కూలెంట్ దిగిపోయాక కూడా ఆయిల్ అంకె కొంతసేపు పైనే ఉంటుంది. అప్పుడు వెంటనే కీ తిప్పేయకండి. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో ఇరుసు దగ్గర ఆగిపోయిన ఆయిల్ మాడకుండా ఉంటుంది. ఆటోనగర్‌లో పాడైన టర్బో విప్పినప్పుడు చూడండి. ఆయిల్ వచ్చే పైపు కొసన, బోల్టు రంధ్రం అంచున నల్లగా, గోరుతో గీకినా రానంత గట్టిగా బొగ్గు పేరుకుని ఉంటుంది. ఆ రంధ్రం మూసుకుపోతే ఇరుసుకు ఆయిల్ అందదు.

వేడికి ఆయిల్ పలచబడటం ఎంతో కూడా తెలియాలి. డీజిల్ బండ్లలో పోసే 15డబ్ల్యు-40 (40 గ్రేడు) ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 100 దగ్గర సుమారు 14, 120 దగ్గర సుమారు 9. అంటే 120 డిగ్రీల దగ్గర 40 గ్రేడు ఆయిల్, 100 డిగ్రీల దగ్గరి 30 గ్రేడు ఆయిల్ అంత పలచన. బేరింగులు దీన్ని తట్టుకుంటాయి. ఆయిల్ వయసు మాత్రం తగ్గుతుంది. ప్రతి 10 డిగ్రీలకూ ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో ఉజ్జాయింపు సూత్రం. సింథటిక్ ఆయిల్ మామూలు మినరల్ ఆయిల్ కంటే దీన్ని మెరుగ్గా ఓర్చుకుంటుంది.

వేడి చాలకపోయినా నష్టమే, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. బెంజి సర్కిల్ చుట్టుపక్కల రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో ఆయిల్ 80 డిగ్రీలైనా చేరదు. ఇంజన్‌లో చేరిన తేమ, కొద్దిగా కలిసిన డీజిల్ ఆవిరి కాకుండా అందులోనే ఉండిపోతాయి. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలా లేత గోధుమరంగు నురగ అంటుకుని కనిపించేది ఇందుకే. అలాంటి బండిని అప్పుడప్పుడు అరగంటైనా హైవే మీద నడపాలి.

లోడు లాగే బండికి గేజి కడ్డీ మీద ఆయిల్ రెండు గీతల మధ్యే ఉండాలి. తగ్గితే ఉన్న ఆయిలే మరిన్ని చుట్లు తిరిగి ఎక్కువ కాగుతుంది. వేడికి మంచిదని అర లీటరు అదనంగా పోసేవాళ్లున్నారు, అది ఇంకా చెడ్డది. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగులో పొర నిలవదు. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులను ఎండాకాలం మొదట్లోనే కడిగించండి. ఆయిల్ మార్చే దూరం విషయంలో మాన్యువల్‌లో కఠినమైన వాడకానికి విడిగా రాసిన చిన్న అంకెనే పాటించండి, రోజూ టిక్కీలు మోసే బండి కచ్చితంగా ఆ కోవలోకే వస్తుంది.