బిమ్ నేర్చుకోవాలంటే ముందు ఏం రావాలి? అపోహలు - వాస్తవాలు

బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అంటే భవనం సమాచారమంతా కంప్యూటర్ మోడల్‌లో పెట్టి అందరూ కలిసి పనిచేసే పద్ధతి. అందులో కోఆర్డినేషన్ నా పని. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. ప్లాన్, సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) పక్కపక్కన పెట్టి చదవడం వచ్చా అని నేను అడిగితే మాత్రం చాలామంది తడబడతారు.

అపోహ: రెవిట్ వస్తే బిమ్ వచ్చినట్టే.

రెవిట్ భవనం మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఒక పనిముట్టు. ఆర్కిక్యాడ్, టెక్లా కూడా అలాంటివే. ఏ సమాచారం ఎవరు, ఎప్పుడు, ఎంత వివరంగా ఇవ్వాలో ముందే ఒప్పుకుని నడవడం అసలు బిమ్. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం మొదటి రెండు భాగాలు చెప్పేది ఈ పద్ధతి గురించే.

అపోహ: క్లాష్‌లు (మోడల్‌లో వస్తువులు ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్లు) సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కారిడార్‌లో స్లాబ్ కింద ఏసీ డక్ట్, కేబుల్ ట్రే, మంటలార్పే స్ప్రింక్లర్ పైపు, మురుగు నీటి పైపు అన్నీ ఒకే జాగా కోసం పోటీపడతాయి. క్లాష్‌లు వెతికే నావిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ ఇవి ఎక్కడ ఢీకొంటున్నాయో చూపిస్తుంది. ఏది పక్కకు జరగాలో చెప్పదు. మురుగు పైపు వాలు మీద పారాలి. 1:100 వాలు అనుకుంటే 12 మీటర్ల దూరానికి 120 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కొత్తవాళ్లు దాన్ని డక్ట్ మీదుగా ఎక్కించేస్తారు. స్క్రీన్ మీద క్లాష్ పోతుంది, సైట్‌లో నీళ్లు పారవు. పక్కకు జరగాల్సింది ట్రే, స్ప్రింక్లర్ పైపు లాంటివి. డక్ట్ చుట్టూ ఇన్సులేషన్ మోడల్ చేయకపోతే ఇంకో చిక్కు: స్క్రీన్ మీద కనిపించే ఖాళీ సైట్‌లో ఉండదు. అందుకే భవనం ఎలా కడతారో తెలియడం మొదటి అర్హత అంటాను. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవాళ్లు ఇది సివిల్ వాళ్ల రంగమని వెనకాడక్కర్లేదు. పైన చెప్పిన గొడవంతా వాళ్ల సామాన్లదే!

అపోహ: ముందు ఆటోక్యాడ్ (గీతలతో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) రావాల్సిందే.

వస్తే మంచిదే, కన్సల్టెంట్లు పంపే ఫైళ్లు తెరిచి చూసుకోవచ్చు. తప్పనిసరి కాదు. గీతలు గీసే అలవాటు ఒక్కోసారి అడ్డుపడుతుంది కూడా. సెక్షన్‌లో గోడ తేడాగా కనిపిస్తే మోడల్ సరిచేయకుండా పైన ఓ గీత గీసి ఊరుకుంటారు. ప్లాన్ మారిన రోజు ఆ గీత అక్కడే మిగిలిపోతుంది.

అపోహ: కోడింగ్, ఖరీదైన కంప్యూటర్ లేకపోతే కష్టం.

మొదటి ఉద్యోగానికి కోడింగ్ అక్కర్లేదు. ఒకే పని పదేపదే చేసి విసుగొచ్చినప్పుడు, రెవిట్‌లో అలాంటి పనులు దానంతట అదే జరిగేలా చేసే డైనమో నేర్చుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ కంప్యూటర్ నేర్చుకోవడానికి చాలు. అర్హత ఉన్న విద్యార్థులకు రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ ఉచిత లైసెన్స్ ఇస్తుంది. ఒక్క జాగ్రత్త: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన రెవిట్ ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు.

ఇక సర్టిఫికెట్. ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుందేమో గానీ, అక్కడ నేను అడిగేది మీరు సొంతంగా చేసిన మోడల్. అందులో ఒక సెక్షన్ తెరిచి, ఈ పైపు ఇంత ఎత్తులోనే ఎందుకు పెట్టారని అడుగుతాను.