కయాక్ మీద సముద్రంలో చేపల వేట: అపోహలు - వాస్తవాలు

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద వెళ్లి గాలం వేయాలని సరదాపడి వచ్చేవాళ్లు మొదట అడిగేది సొరచేపల గురించి. తర్వాత, ఈత రావాలా అని. గాలి గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ. విశాఖ, భీమిలి తీరంలో మాకు టెన్షన్ పెట్టేది మాత్రం ఆ గాలే. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: కెరటాలు లేవంటే సముద్రం ప్రశాంతంగా ఉన్నట్టే.

మన దగ్గర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. శీతాకాలంలో రాత్రంతా నేల చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి ఒడ్డు మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఆ గాలికి ఒడ్డు పక్కన కెరటం లేవదు. కెరటం లేవాలంటే గాలి నీటి మీద కొంత దూరం సాగాలి, ఇక్కడ ఆ దూరమే లేదు. పైగా వెనక కొండలు అడ్డు. అందుకే ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు కదలనట్టే ఉంటాయి. కయాక్ నీళ్లలోకి తోయగానే అదే పరుగెడుతుంది. కొత్తవాళ్లు అదంతా తమ తెడ్డు బలమే అనుకుంటారు.

అసలు సంగతి వెనక్కి తిరిగినప్పుడు తెలుస్తుంది. సామాన్లతో ఉన్న ఫిషింగ్ కయాక్ మామూలు వేగం గంటకు 5 కిలోమీటర్లు. ఎదురుగాలి గంటకు పాతిక కిలోమీటర్లు ఉంటే అందులో సగం కూడా మిగలదు. తెడ్డు ఆపితే చాలు, లోపలికి కొట్టుకుపోతూనే ఉంటారు. చేప లాగడానికి ఆపినా అంతే, మంచినీళ్లు తాగడానికి ఆపినా అంతే. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు మాత్రం హాయిగా కూర్చున్నట్టే కనిపిస్తారు.

ఒడ్డు మీది నుంచి గాలి వీస్తున్న రోజు లోపలికి కాకుండా తీరం వెంబడే వెళ్లాలి. అదీ ముందు గాలికి ఎదురుగా వెళ్లి, అలసిపోయాక గాలితో పాటు తిరిగొచ్చేలా చూసుకోవాలి. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి దిశ మారి సముద్రం మీది నుంచి వస్తుంది. నీటి మీద తెల్లటి నురగ అక్కడక్కడా కనిపించిందంటే తిరుగుముఖం పట్టే టైమైనట్టే. ఎటు చూసినా నురగే ఉంటే గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినట్టు. అప్పటికి మీరు ఒడ్డున ఉండాలి.

బయల్దేరే ముందు తెప్పల దగ్గర వలలు బాగుచేసుకుంటున్న పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి. "బాబాయ్, ఇవాళ గాలి ఎలాగుంటాది?" అంటే, ఒకసారి ఆకాశం వైపు చూసి "తొమ్మిదిలోపు వచ్చీండి బాబూ" అంటారు. వచ్చేయాలి, అంతే. వాళ్లతో బేరాలుండవు.

అపోహ: ఫోన్లో కెరటం ఒక మీటరు అని చూపించింది, కాబట్టి మీటరే.

హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలు నేను రోజూ చూస్తాను, మీరూ చూడండి. కానీ అందులో ఉండే కెరటం ఎత్తు, వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. అదే గుంపులో అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు కెరటం కూడా వస్తుంది. మీటరు అని ఉంటే రెండు మీటర్లదానికి సిద్ధపడి వెళ్లాలి.

అపోహ: ఈత బాగా వస్తే లైఫ్ జాకెట్ అక్కర్లేదు. కయాక్ మీద పెట్టుకుంటే చాలు.

పడిపోయిన మనిషికీ గాలికి కొట్టుకుపోయే ఖాళీ కయాక్‌కీ మధ్య దూరం ఎంత త్వరగా పెరుగుతుందో చూస్తే ఈ మాట అనరు. ఖాళీ కయాక్‌ను గాలి ఈతగాడికి అందనంత వేగంగా తోసుకుపోతుంది, దానితోపాటే మీ జాకెట్ కూడా పోతుంది. జాకెట్ ఒంటి మీదే ఉండాలి, బకిల్స్ పెట్టి ఉండాలి.

ఈత కంటే ముఖ్యమైన విద్య ఇంకొకటి ఉంది, తిరిగి ఎక్కడం. కయాక్ బోల్తాపడితే ముందు దాన్ని తిరగేయాలి. పక్కకు వచ్చి, రెండు చేతులూ పైకి చాచి అవతలి అంచు పట్టుకోవాలి. కాళ్లు కిందికి వేలాడితే ఎక్కలేరు. కాళ్లు గట్టిగా ఆడించి ఒళ్లు నీటి మీద పడుకోబెట్టాలి, అప్పుడు పొట్ట మీద పాకుతూ పైకి జారాలి. పొట్ట కయాక్ మధ్యకు వచ్చాక వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చోవాలి, చివరగా కాళ్లు లోపలికి తీసుకోవాలి. జాకెట్ ముందు జేబుల్లో కత్తెర, డబ్బాలు కుక్కుకుంటే అవి అంచుకు తగులుకుని ఎక్కనివ్వవు. ఇదంతా నడుము లోతు నీళ్లలో ఒంటికి అలవాటయ్యేదాకా చేయాలి. ఇది రానివాళ్లను నేను కెరటాలు దాటించను. ఎంత ఈత వచ్చినా సరే.

అపోహ: పెద్ద చేప లాగితే కయాక్ తిరగబడుతుంది.

చేప లాగితే కయాక్ ముక్కు అటు తిరుగుతుంది, దాని వెనకే మనమూ పోతాం. అందులో కష్టమేం లేదు, సరదాగానే ఉంటుంది. తిరగబడేది లంగరు వల్ల. ప్రవాహంలో లంగరు తాడు పక్కకు కడితే నీరు ఆ పక్కనే నొక్కి నొక్కి ముంచుతుంది. ముక్కుకో తోకకో కట్టాలి, ఒక్క లాగుతో ఊడేలా ముడి వేయాలి.

ఇక ఎక్కువమంది పడేది ఒడ్డుకు చేరేటప్పుడు, కెరటాలు విరిగే చోట. వాటి వెనకే ఆగి, రెండు మూడు పెద్దవి పోనిచ్చి, చివరి కెరటం వీపు మీద రావాలి. అడ్డం తిరగకూడదు. నేల తగిలి దిగాక కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య నిలబడొద్దు. తర్వాతి కెరటం ఆ బరువంతా తెచ్చి మోకాళ్ల మీద వేస్తుంది.

అపోహ: సొరచేపలే ప్రమాదం.

మనల్ని ఆసుపత్రికి పంపేది జెల్ల చేప. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు, రంపం పళ్ల ముళ్లు దానికి. నిటారుగా నిక్కబొడుచుకుని ఉంటాయి, విషం కూడా ఉంటుంది. కయాక్‌లో ఒళ్లో వేసుకుని గాలం తీసే పని కదా, చేప ఒక్కసారి ఎగిరిందా, తొడలో దిగుతుంది. చేత్తో పట్టకుండా పొడవు ముక్కు పట్టకారుతో గాలం తీసి వదిలేయండి. తోకలో విషపు ముల్లుండే టేకు చేపనైతే పైకే తేవద్దు, దారం కోసేయండి. ముల్లు గుచ్చుకుంటే ఒళ్లు కాలనంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తప్పకుండా వెళ్లాలి.

అపోహ: ఎంత లోపలికి పోతే అంత పెద్ద చేప.

వంజరం కోసమైతే కొంత నిజమే. కానీ పార, గొరక, పండుగప్ప రాళ్ల చుట్టూ, ఏటి మొగల్లోనే తిరుగుతాయి. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోటు లాంటివి అందుకే మాకు ఇష్టం. అక్కడ నీరు కదులుతున్నంతసేపే చేప తింటుంది. అమావాస్యా పౌర్ణమా అని లెక్కలు వేసేకంటే పోటు ఎప్పుడు మారుతుందో చూసుకుంటే మేలు.

పండుగప్ప గురించి ఒక మాట. అది మగచేపగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే మీరు ఫొటో దిగి ఇంటికి తెచ్చే ఆ భారీ చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే తల్లే. కూరకు మధ్యస్థం చాలు, రుచి కూడా దానికే ఎక్కువ.

అపోహ: ఇప్పుడే పట్టింది కదా, ఐస్ ఎందుకు?

వంజరం, కానాగంత జాతి చేపలు ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. అవి తింటే ముఖం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తలనొప్పి పట్టుకుంటుంది. అది వండితే పోదు, వేయిస్తే పోదు. ఐస్‌బాక్స్ బరువైనా తప్పదు.

అపోహ: బోట్లవాళ్లు మనల్ని చూసి తప్పుకుంటారు.

కయాక్‌లో కూర్చున్న మనిషి కెరటం చాటుకు పోతాడు. మరపడవలో వెనక చుక్కాని పట్టుకున్న మనిషికి ముందున్న చిన్న వస్తువు కనపడదు. మీరే తప్పుకోవాలి. నారింజ రంగు జెండా ఒకటి పొడవాటి కర్రకు కట్టండి, విజిల్ మెడలో ఉంచండి, చీకట్లో బయల్దేరితే దీపం ఉండాలి. థర్మోకోల్ ముక్కలు, చిన్న జెండాలు తేలుతూ కనిపిస్తే వాటి కింద ఎవరిదో వల ఉంది. దూరంగా పొండి, ఆ వల వాళ్ల అన్నం.

అపోహ: వేట నిషేధ కాలంలో సముద్రం ఖాళీ, మనకు పండగ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం మరపడవలకు, మోటారు పడవలకు. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు వర్తించదు. తెడ్డుతో వెళ్లే కయాక్ కూడా అలాంటిదేగా అంటారు. నేనైతే ఆ రెండు నెలలూ గాలాలు కట్టేస్తాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఒక కారణం, ఆ రోజుల్లో నైరుతి గాలి తీరం వెంట పొద్దున్నే మొదలై మమ్మల్ని నిలవనివ్వదని రెండోది. కోరింగ అభయారణ్యం మడ అడవుల్లోకి మాత్రం ఏ నెలలోనూ అనుమతి లేకుండా గాలం తీసుకెళ్లొద్దు.

ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీసులది 1093. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచిలో వేసి జాకెట్‌కే కట్టుకోండి, కయాక్‌కు కాదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి, ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా వాళ్లకే చెప్పి బయల్దేరండి.