అపోహలు - వాస్తవాలు: ఒక్క అందమైన బొమ్మతో క్యారెక్టర్ డిజైన్ అయిపోదు

పోయిన వారం ఒక కుర్రాడు తన పోర్ట్‌ఫోలియో పంపాడు. ముప్పై బొమ్మలు. కవచాలు, కత్తులు, వెనక నిప్పురవ్వలు. ఒక్కోదానికి పది పదిహేను రోజులు పట్టిందట. అయిదు యానిమేషన్ స్టూడియోలకి పంపితే ఒక్కరూ పిలవలేదు. "అక్కా, నాకు టాలెంట్ లేదని ఇప్పటికైనా ఒప్పేసుకోవాలా? ఇంట్లో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు" అని రాశాడు. గీత చాలా బాగుంది, రంగులు ఇంకా బాగున్నాయి. లోపం అతని చేతిలో లేదు, ఎవరో అతని బుర్రకెక్కించిన ఒక మాటలో ఉంది. క్యారెక్టర్ డిజైన్‌లోకి, అంటే కార్టూన్ పాత్రలకి రూపం ఇచ్చే పనిలోకి వచ్చి నాకు 14 ఏళ్లు, ఏటా పాతిక ముప్పై పోర్ట్‌ఫోలియోలైనా చూస్తాను, వాటిలో సగానికి పైగా ఇదే మాట దగ్గర దెబ్బతింటున్నాయి.

అపోహ: బొమ్మలో ఎంత డీటెయిల్ ఉంటే అంత గొప్ప క్యారెక్టర్ డిజైన్.

కాదు. కథకి వేసే బొమ్మ వేరు, యానిమేషన్‌కి వేసే బొమ్మ వేరు. చందమామలో శంకర్ గారి విక్రమార్కుడు భుజాన శవం, చేత కత్తితో ఆ ఒక్క పేజీలో అలా నిలబడితే చాలు, తరాల తరబడి మన కళ్లలో ఉండిపోయాడు. ఆయన అడుగు తీసి అడుగు వేయనక్కర్లేదు, ఆయన్ని ఇంకొకరు మళ్లీ గీయనక్కర్లేదు. మన బొమ్మకి ఆ వెసులుబాటు లేదు. మనం ఒకసారి గీసి ఇచ్చాక, మనకి ముఖపరిచయం కూడా లేనివాళ్లు దాన్ని పట్టుకుని నడిపించాలి, ఏడిపించాలి, మెట్ల మీంచి దొర్లించాలి. అంటే మనం ఇచ్చేది గోడకి తగిలించుకునే బొమ్మ కాదు, వాళ్లు పని చేసుకోవడానికి ఒక పనిముట్టు.

లెక్క చూడండి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచినా, అదే మేం 'టూస్ మీద' అంటాం, సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. మీ హీరోయిన్‌కి రెండు చేతులకీ కలిపి పది గాజులు వేశారనుకోండి, చేతులు ఆడిస్తూ మాట్లాడే ఒక్క నిమిషానికి 7,200 గాజులు గీయాలి. మీరు మాత్రం వాటిని ఒక్కసారే గీశారు.

నాకు ఇది మొదటి ఉద్యోగంలో అర్థమైంది. ఒక పల్లెటూరి అవ్వని డిజైన్ చేయమన్నారు. మా అమ్మమ్మని తలుచుకుంటూ వేశాను, చీర నిండా కలంకారీ పువ్వులు, అంచులో నెమళ్లు, మెడలో మూడు వరసల పూసలు. అందరూ మెచ్చుకున్నారు. ఒక పెద్ద యానిమేటర్ గారు మాత్రం బొమ్మని చాలాసేపు చూసి, "ఈవిడ నులకమంచం మీంచి లేచి గుమ్మం దాకా నడవాలమ్మా, ఆ నడక ఒక్కసారి నువ్వే గీసి చూడు" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగానే అన్నారు. రెండు అడుగుల వాక్ సైకిల్, అంటే మళ్లీ మళ్లీ తిప్పి ఆడించుకునే నడక, 12 బొమ్మలు. మూడు రోజులు పట్టింది. ఆడించి చూస్తే అవ్వ నడుస్తోంది, కానీ చీర మీద చీమలు పారుతున్నట్టుంది, ఎందుకంటే ఏ రెండు బొమ్మల్లోనూ పువ్వులు ఒకే చోట పడలేదు. చూసినవాళ్ల కళ్లన్నీ చీర మీదే ఉన్నాయి, అంత కష్టపడి వేసిన ఆవిడ ముఖం ఎవరికీ కనబడలేదు.

మళ్లీ వేశాను. నేరేడు రంగు చీర, ఒక్క లావు అంచు, అంతే. చెంగు నడుముకి బిగించి దోపాను, గాలికి ఎగిరే చెంగుతో పడే బాధ గీసినవాళ్లకే తెలుసు. వంగిన నడుము, చిన్న కొప్పు, చేతికర్ర. మొత్తం నల్లసిరాతో నింపేసి చూసినా ఆవిడే అని తెలిసిపోయేది. నిజం చెప్పాలంటే మా అమ్మమ్మ పువ్వుల్లో లేదు, ఆ వంగిన నడుములో ఉంది.

ఇలా నల్లగా నింపి చూడటాన్నే సిలూయెట్ (నీడబొమ్మ) పరీక్ష అంటాం. ఇదేదో బయటి దేశం విద్య అనుకోకండి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి తెలుసు, తెర వెనక దీపం, దూరంగా జనం, బొమ్మ పడీ పడగానే అది హనుమంతుడో రావణుడో, కేతిగాడో బంగారక్కో పిల్లలకి కూడా తెలిసిపోవాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసేవాళ్లు చేతుల్ని విడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో కలుపుతారు. మనం కంప్యూటర్‌లో బొమ్మని ముక్కలు చేసి, కీళ్ల దగ్గర కలిపి ఆడించే కటౌట్ రిగ్ పద్ధతీ అదే.

"రిగ్ ఉంటే మళ్లీ మళ్లీ గీయక్కర్లేదు కదా, డీటెయిల్ పెడితే ఏం?" అని అడుగుతారు. మోచెయ్యి వంచగానే దాని మీద డిజైన్ సాగిపోతుంది. తల తిప్పితే ఆ కోణానికి ముఖం వేరే గీయాలి, మీరు పెట్టిన ప్రతి నగా దానితో పాటు మళ్లీ రావాలి. త్రీడీలో చీర మీద పువ్వులు సులువే, కానీ కుచ్చిళ్లు, చెంగు, జారుడు జడ సిమ్యులేషన్‌కి, అంటే వాటి కదలికని కంప్యూటర్ చేత లెక్కకట్టించడానికి వెళ్తాయి, టైమంతా అక్కడే పోతుంది.

సింపుల్‌గా వేస్తే బద్ధకం అనుకునేవాళ్ల కోసం ఒక్క మాట. మిక్కీ మౌస్ చేతికి నాలుగే వేళ్లు. 1958లో టీవీలోకి వచ్చిన యోగి బేర్ మెడలో కాలర్, టై ఉంటాయి, అవి సోకుకి కాదు. తల, ఒళ్లు కలిసే గీత ఆ కాలర్ కింద దాక్కుంటుంది, అప్పుడు ఒంటిని అలాగే ఉంచి తలని మాత్రం ఆడించవచ్చు. టీవీకి వారం వారం ఎపిసోడ్లు ఇవ్వాల్సినవాళ్లు ఆలోచించి పెట్టిన కాలర్ అది. 2008లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఛోటా భీమ్‌ని చూడండి, చొక్కా లేని ఒళ్లు, ఒక పంచె. ఏ బడి పిల్లవాడైనా నోటుబుక్కు వెనక గీసేస్తాడు.

కాబట్టి పోర్ట్‌ఫోలియోలో మేం వెతికేది ఇదీ: ఒకే పాత్ర ముందు నుంచి, ముప్పావు (కొంచెం పక్కకి తిరిగి), పక్క, వెనక నుంచి ఎలా ఉంటుందో చూపించే టర్న్‌అరౌండ్, నవ్వు, ఏడుపు, కోపం లాంటి ముఖభావాలన్నీ ఉన్న ఒక ఎక్స్‌ప్రెషన్ షీట్, పాత్రలన్నీ పక్కపక్కన నిలబడ్డ లైనప్, ఏదో పని చేస్తున్న నాలుగు భంగిమలు. రెండు పాత్రలకి ఇవన్నీ ఉంటే ముప్పై బొమ్మల కన్నా ఎక్కువ. ఆ కుర్రాడి ముప్పై మందిలో ఒక్కడి వీపు కూడా నాకు కనబడలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. త్రీడీకి డ్రాయింగ్ అక్కర్లేదన్నది అబద్ధం, మోడల్ చేసే ఆర్టిస్టు మీ టర్న్‌అరౌండ్ చూసే చేస్తారు. ఖరీదైన స్క్రీన్ టాబ్లెట్ లేకపోతే కుదరదన్నదీ అబద్ధమే, క్రిటా, బ్లెండర్, ఓపెన్‌టూన్జ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం, స్కెచ్‌బుక్కు చవక. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని లక్షల్లో ఫీజు అడిగేవాళ్ల దగ్గర, దయచేసి, పోయినేడు చదివినవాళ్ల షో రీల్స్, అంటే వాళ్లు చేసిన పనుల వీడియోలు చూపించమనండి, చూపించకపోతే లేచి వచ్చేయండి. అమ్మానాన్నలకి అప్పు చేయించే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.

ఏఐ వచ్చింది, ఇక ఈ ఫీల్డ్ అయిపోయింది అని రోజుకో వాట్సాప్ ఫార్వర్డ్ వస్తోంది. భయం నాకూ అర్థమవుతుంది, త్వరగా ఒక ఐడియా చూపించడానికి వేసే బొమ్మల పని నా చుట్టుపక్కల తగ్గింది కూడా. కానీ మా దగ్గరికి క్లయింట్లు ఏఐతో చేయించి తెచ్చిన పాత్రలకి ముందు అయిదు గుండీలు, పక్కకి తిరిగితే ఆరు. కూర్చుని మొదటి నుంచీ డిజైన్ చేయాల్సి వస్తోంది. రేపేమవుతుందో నేను హామీ ఇవ్వలేను, పుకారు నమ్మి గీయడం మానేయకండి అని మాత్రం అడుగుతాను.

కుర్రాడికి ఒకటే పని చెప్పాను. ఆ ముప్పై మందిలో నీకు బాగా ఇష్టమైనవాణ్ని తీసుకో, వాడి చేత నీళ్ల బిందె ఎత్తించు, దింపించు, తర్వాత వెనక నుంచి గీసి చూపించు అన్నాను. నిన్న రాత్రి పంపాడు. పెన్సిల్ గీతలే, రంగుల్లేవు. కింద రాశాడు: "మోకాలి కవచం ఉంటే వీడు కూర్చోలేకపోతున్నాడక్కా, తీసేశాను."