మైక్రోకంట్రోలర్ బోర్డుకు రెండు పవర్ సప్లైలు: అపోహలు - వాస్తవాలు

కోడ్ ఎక్కించడానికి ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబుల్, సర్వో మోటార్లకు సరిపడా కరెంటు కోసం విడిగా ఒక 5 వోల్టుల అడాప్టర్, రెండూ ఒకేసారి బోర్డుకు తగిలించి ఉండడం మా పనిలో మామూలే. చిక్కంతా ఆ రెండింటి ప్లస్ తీగలు బోర్డులో ఎక్కడ కలుస్తున్నాయో చూసుకోకపోవడం వల్లనే వస్తుంది.

అపోహ: రెండు సప్లైలు ఇస్తే వాటిలో తగినదాన్ని బోర్డే ఎంచుకుంటుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. ఆర్డుయినో ఊనో ఆర్3 అనే బోర్డులో గుండ్రటి జాక్ నుంచి గానీ ‘విన్’ పిన్ నుంచి గానీ వచ్చే వోల్టేజీలో సగాన్ని ఒక కంపారేటర్ 3.3 వోల్టులతో పోల్చి చూస్తుంది, అంటే ‘విన్’ దగ్గర దాదాపు 6.6 వోల్టులు దాటగానే యూఎస్‌బీ దారిలో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్‌ను ఆపేస్తుంది. అందుకే జాక్‌కు 9 వోల్టుల అడాప్టర్, పక్కనే యూఎస్‌బీ కేబుల్ ఉన్నా ఇబ్బంది లేదు. అయితే ‘5వీ’ పిన్‌కు బయటి నుంచి 5 వోల్టులు ఇస్తే ఈ కాపలా పనిచేయదు. యూఎస్‌బీ దారి మూసుకోదు కాబట్టి రెండు సప్లైలూ నేరుగా కలిసిపోయి, వోల్టేజీ కాస్త ఎక్కువున్న అడాప్టర్ నుంచి ల్యాప్‌టాప్ పోర్టులోకి కరెంటు ఎదురు పారే అవకాశం ఉంటుంది. దారిలో ఉన్న 500 మిల్లీయాంపుల పాలీఫ్యూజ్ (తనంతట తానే కోలుకునే ఫ్యూజ్) కరెంటు ఎంత పోతోందో చూస్తుందే తప్ప ఎటు పోతోందో చూడదు. ఈఎస్‌పీ32 డెవ్‌కిట్‌సీ బోర్డు విషయంలోనైతే, యూఎస్‌బీ, 5వీ పిన్, 3వీ3 పిన్ అనే మూడింటిలో ఒక్కటే వాడాలని తయారీదారే స్పష్టంగా హెచ్చరించాడు.

మీ బోర్డు సంగతి మీరే తేల్చుకోవచ్చు. కేబుల్‌ను ల్యాప్‌టాప్ నుంచి పీకి, బోర్డు వైపు అలాగే ఉంచి, ‘5వీ’ పిన్‌కు అడాప్టర్ ఇచ్చి, ల్యాప్‌టాప్ వైపు ఉండే బల్లపరుపు ప్లగ్గులో ఆ చివర, ఈ చివర ఉన్న రెండు పట్టీల మధ్య మల్టీమీటర్ పెట్టండి. అక్కడ 5 వోల్టులు కనబడితే ఎదురు దారి తెరిచే ఉన్నట్టు. ఒక్క జాగ్రత్త: దారిలో షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిస్తూ తక్కువ వోల్టేజీ తినే రకం) ఉన్నా దాని లీకేజీ వల్ల మీటర్ ఏవో వోల్టులు చూపించి బెదిరిస్తుంది. ఆ రెండు పట్టీల మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే ఆ ఉత్తుత్తి వోల్టేజీ పడిపోతుంది, అసలుదైతే నిలబడుతుంది.

అపోహ: ఒక్కో సప్లైకి ఒక్కో డయోడ్ పెడితే రెండూ భారాన్ని చెరిసగం పంచుకుంటాయి.

వాస్తవం: పంచుకోవు. ఎక్కువ వోల్టేజీ ఉన్నదే దాదాపు మొత్తం కరెంటును ఇస్తుంది, రెండోది అది తగ్గేదాకా ఊరకే ఉంటుంది. రాస్‌బెర్రీ పై పికోలో ‘వీబస్’ (యూఎస్‌బీ 5 వోల్టుల పిన్) నుంచి ‘వీసిస్’ (బోర్డు సప్లై పిన్)కు షాట్కీ డయోడ్ ముందే ఉంటుంది కనుక, బయటి సప్లైని మరో షాట్కీ ద్వారా ‘వీసిస్’కు ఇస్తే చాలు. ఆ పిన్ 1.8 నుంచి 5.5 వోల్టుల వరకు తీసుకుంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో తేలిగ్గా దొరికే 1ఎన్5819 షాట్కీ ఇందుకు సరిపోతుంది. చేతికి అందింది కదా అని మామూలు డయోడ్ 1ఎన్4007 పెడితే 0.7 వోల్టులకు పైగానే అందులో పోతుంది.

అపోహ: సప్లైలు వేరైతే గ్రౌండ్లూ వేరుగానే ఉండాలి.

వాస్తవం: ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను తీగతో కాక వెలుతురుతో దాటించే భాగం) లాంటి ఐసొలేషన్ లేనంతవరకు గ్రౌండ్లు కలపాల్సిందే, లేకపోతే సిగ్నల్‌కు తిరుగు దారి ఉండదు. కలపకూడనివి ప్లస్‌లు.

అపోహ: సప్లై తీసేశాం కాబట్టి బోర్డు ఆగిపోయినట్టే.

వాస్తవం: సెన్సర్‌కు విడి సప్లై ఉంటే దాని అవుట్‌పుట్ నుంచి వచ్చే 5 వోల్టులు చిప్ పిన్‌లోని రక్షణ డయోడ్ గుండా లోపలి పవర్ లైన్‌లోకి చేరతాయి. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో పిన్ వోల్టేజీ సప్లై కంటే 0.5 వోల్టులకు మించి ఎక్కకూడదు, కానీ సప్లై సున్నా అయినప్పుడు ఆ హద్దు కూడా అర వోల్టుకు దిగిపోతుంది. కేబుల్ పీకేశాక కూడా ఆన్ ఎల్ఈడీ మసకమసకగా వెలుగుతుండడం నా బల్ల మీదే చూశాను. సెన్సర్ సప్లైని కూడా బోర్డు సప్లైతో పాటే ఆగేలా మార్చాక ఆ వెలుగు పోయింది. అది కుదరని చోట సిగ్నల్ తీగలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే డయోడ్ గుండా పోయే కరెంటు అర మిల్లీయాంపుకు మించదు.