అరిసెల వాసన

చిన్నీ, బుజ్జీ,

మన గేదెకి పశువుల డాక్టరు జలగల మందు పట్టించాడని మొన్న ఫోన్లో చెప్పారు. ఆ కార్జపు జలగ, అంటే గేదె కార్జంలో చేరే చదును పురుగు, ముందు నత్తలో పెరిగి వస్తుందంటే చిన్ని ఊరుకుందా! "కంటికి ఆననంత పిల్లపురుగుకి నత్త ఎక్కడుందో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అంది.

వాసన పట్టుకుని పోతుందమ్మా.

మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు ఎవరింట్లో అరిసెలు వండుతున్నారో మాకెవరూ చెప్పేవాళ్లు కాదు. ఊరికే వీధిలో పడేవాళ్లం. బెల్లప్పాకం వాసన తగిలిందా, ఇక తిన్నగా నడక లేదు. అటో అడుగు, ఇటో అడుగు. వాసన పలచబడితే గిరుక్కున వెనక్కి. తిరిగి తిరిగి మా మేనత్త వంటింటి గుమ్మంలో తేలేవాళ్లం. ఆవిడ బాణలి మీంచి చూపు తిప్పకుండానే "వచ్చారూ?" అనేది.

ఇదీ అంతే. పేడతో నీళ్లలో పడ్డ గుడ్డు రెండు మూడు వారాలకి, వెలుతురు తగిలి విచ్చుకుంటుంది. (పేడనీళ్లు చెరువులోకి వదలొద్దని మీ నాన్నకి చెప్పండి. నా మాట వినడు, మీ మాట వింటాడు.) వచ్చే పిల్ల మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఒంటినిండా నూగు, ఆ నూగే తెడ్లు. తిండి తినదు. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న సత్తువే చద్దిమూట, అదీ ఒక్క రోజుకి సరి. ముందు వెలుతురు వైపు ఈదుతుంది. నత్త జిగురు కరిగిన నీళ్లు తగిలాయా, మాలాగే గింగిరాలు, పలచబడితే వెనక్కి. పొలంలో మీరు ఏరే మూత ఉన్న పెద్ద నత్త దీనికి పనికిరాదు. మూత లేని, పలచటి పెంకు చిన్న నత్తే కావాలి. దొరికిందా, గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు నూగు విడిచేసి లోపలికి దూరుతుంది. మాకు చెప్పులెక్కడివిలే, మాటవరసకి. లోపల ఆ ఒక్కటీ వందలవుతుంది. ఇక్కడ నా పోలిక చెల్లదు, మా మేనత్త అదృష్టం!

ఈ నత్త సంగతి 1880ల మొదట్లో ఇంగ్లండులో థామస్, జర్మనీలో లాయ్‌కార్ట్ ఎవరికి వారే కనిపెట్టారు. అంతకుముందు గొర్రెల కాపరులకి తెలిసిందల్లా, తడినేలలో మేపితే జబ్బొస్తుందని.

ఆదివారం అలాంటి చిన్న నత్తనొకదాన్ని గరిటెతో తీసి, చెరువు నీళ్లతో గాజుసీసాలో వేసి, మూత పెట్టకుండా కిటికీలో ఉంచండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. కదలకుండా కూర్చుంటే అది గాజు పట్టుకుని పైకి పాకడం చూస్తారు, గాలి పీల్చుకోడానికి. పురుగు వెలుతురు వైపే ఎందుకు ఈదుతుందో అప్పుడిక నన్నడగరు.

మీ తాతయ్య